పేరాలో భయం రావట్లేదు: మార్చాల్సింది మాటనా, ఉపమానాన్నా?

తాళంచెవి (రాత్రి 8:10)
కథలో ఒక పేరా దగ్గర పని ఆగిపోయింది. ఇక్కడ చదివేవాళ్ళకి వెన్ను జలదరించాలి. ఇప్పుడున్నది చదివితే జిల్లా ఎడిషన్‌లో వార్తలా ఉంది. మొహమాటం లేకుండా చెప్పండి.

"రాత్రి పది దాటింది. భయంకరమైన గాఢాంధకారం ఊరిని కమ్మేసింది. మబ్బుల చాటు నుంచి అప్పుడప్పుడు వెన్నెల పిండి ఆరబోసినట్టు పడుతోంది. వర్షం కురుస్తోంది. ఎనిమిది నెలలుగా తాళం వేసి ఉన్న ఇంటి తలుపును సుబ్బయ్య నెమ్మదిగా తెరిచాడు. లోపల సమాధి లాంటి భయానక నిశ్శబ్దం. అతని గుండె రైలింజన్‌లా కొట్టుకుంది. ఎవరో తన వెనక ఉన్నారని అతను భయపడ్డాడు."

ప్రూఫుగది (8:32)
ముందు ఒక లెక్క. ఎనిమిది వాక్యాల్లో భయం పేరెత్తి మూడుసార్లు చెప్పారు: భయంకరమైన, భయానక, భయపడ్డాడు. మూడూ కొట్టేసి మిగిలింది చదవండి. భయపెట్టేది ఏం మిగిలింది? ఎనిమిది నెలల తాళం ఒక్కటే. మీ పేరాకి ఉన్న ఆస్తి అదే. దాన్ని ఇంటికి విశేషణంగా ఇరికించారు.

ఇది కొత్త సంగతేం కాదు. 11వ శతాబ్దంలో మమ్మటుడనే ఆలంకారికుడు కావ్యప్రకాశం అనే సంస్కృత గ్రంథంలో రసదోషాల, అంటే రసాన్ని చెడగొట్టే తప్పుల, జాబితా మొదలుపెట్టిందే దీనితో. రసాన్ని గానీ, స్థాయిభావాన్ని (రసానికి మూలమైన నిలకడ భావాన్ని) గానీ, సంచారి భావాన్ని (మధ్యలో వచ్చిపోయే భావాన్ని) గానీ దాని పేరుతోనే చెప్పేయడం దోషం అన్నాడు. స్వశబ్దవాచ్యత అంటారు. "శోకంతో ఉన్నాడు" అంటే పాఠకుడికి సమాచారం అందుతుంది, శోకం అందదు.

ఇంకొకటి. గాఢాంధకారం కమ్మిన రెండో నిమిషానికి వెన్నెల పడింది. ఏదో ఒకటే ఉంచండి.

కంచుగంట (8:51)
అంధకారం అన్న మాట మీదే నాకు పేచీ. చీకటి, అంధకారం, తిమిరం, ఇరులు అన్నీ ఒకటే అని నిఘంటువు అంటుంది. చెవి ఒప్పుకోదు. చీకటంటే మనకి బడికి వెళ్ళకముందు నుంచీ భయం. అంధకారం బళ్ళో నేర్చుకున్నది, దానికి భయపడ్డవాడు లేడు. "అజ్ఞానాంధకారం" అని ఉపన్యాసాల్లో వాడీ వాడీ అది వేదికెక్కిన మాటైపోయింది. తిమిరం పద్యంలోంచి బయటికి రాదు.

రక్తం, నెత్తురు, రుధిరం కూడా ఇంతే. రక్తం ఆస్పత్రిది: రక్తపరీక్ష, రక్తదానం, రక్తపోటు. నెత్తురు రోడ్డు మీద కనిపించేది. రుధిరం యుద్ధవర్ణనలో పారేది. కత్తి తెగిన వేలికి "రుధిరం స్రవించింది" అని రాస్తే పాఠకుడు నవ్వుతాడు. నవ్వించడమే పనైతే అదే సరైన మాట.

బాష్పాలు చూడండి. ఒకప్పుడు కన్నీళ్ళే. పేపర్లలో బాష్పవాయువు వచ్చాక ఆ మాట వింటే ధర్నా గుర్తొస్తోంది. ఆనందబాష్పాలు ఒక్కటే బతికి బయటపడింది. కంపు సంగతి మరీ అన్యాయం. పాత కావ్యాల్లో దానికి పరిమళం అనే అర్థం కూడా ఉంది. ఇవాళ మల్లెలకి కంపు అంటగట్టి చూడండి.

తాళంచెవి (9:02)
అంటే సంస్కృత పదాలన్నీ తీసేయమంటారా? "గాఢాంధకారం"లో బరువుంది కదా అనుకున్నాను.

విసనకర్ర (9:20)
తీసేయక్కర్లేదు. బరువు మంచిదే, అయితే బరువు వల్ల దూరం కూడా వస్తుంది. ఊళ్ళో ఒకాయన పోయాడు అనుకోండి. పోయాడు, చనిపోయాడు, కాలం చేశాడు, కన్నుమూశాడు, మరణించాడు, దివంగతులయ్యారు, అసువులు బాశారు, చచ్చాడు. "పోయాడు" అన్నవాడు ఇంటి మనిషి. "కాలం చేశారు" అన్నవాడు పెద్దరికం తెలిసినవాడు. "దివంగతులయ్యారు" అన్నవాడు సంతాపసభలో మైకు ముందు నిలబడ్డాడు. "మరణించాడు" అన్నవాడు ఫారం నింపుతున్నాడు. కొడుకు చెబుతున్న కథలో "నాన్న మరణించాడు" అని ఉంటే, ఆ కొడుక్కీ తండ్రికీ మధ్య ఏదో చెడిందని పాఠకుడు పసిగట్టేస్తాడు. మీకు కావాల్సింది అదే అయితే నాలుగు పేరాల పని ఆ మాట ఒక్కటే చేసిపెడుతుంది.

కాబట్టి తత్సమమా దేశ్యమా అని కాదు. ఈ మాట నోట పలికేవాడు ఆ మంచానికి ఎంత దూరంలో నిలబడ్డాడు, అదీ ప్రశ్న.

అలంకారప్రియ (9:41)
ధ్వని గురించి ఎవరూ మాట్లాడలేదేం? ఓజోగుణానికి, అంటే ఉద్రేకం పుట్టించే బిగువుకి, ట వర్గాక్షరాలు, సంయుక్తాక్షరాలు, శషలు, దీర్ఘసమాసాలు కావాలి. మాధుర్యానికి ట వర్గం వదిలి మిగిలిన వర్గాక్షరాలు తమ అనునాసికాలతో కలిసి రావాలి, సమాసాలు చిన్నవి ఉండాలి. "మంద", "గంధ", "చంచల" లాంటి పదాలు మెత్తగా వినిపించేది అందుకే. భయం పుట్టించాలంటే కఠినాక్షరాలు పెంచాలి.

ప్రూఫుగది (9:55)
ఆ సూత్రం సంస్కృతానికి కుట్టిన చొక్కా, తెలుగుకి భుజాల దగ్గర పట్టేస్తుంది. మన భాష నిండా ట, డ, ద్విత్వాలే. "బిడ్డ" కంటే మెత్తని మాట చెప్పండి, అందులో డ్డ ఉంది. "ముద్దు", "అమ్మమ్మ", "పాట", "తోట" అన్నీ మీ లెక్కలో కఠినమే కావాలి. "భూతం"లో మహాప్రాణం (ఒత్తక్షరం) ఉంది సరే, "దయ్యం"లో ఏముంది? చీకట్లో రెండోదే పనిచేస్తుంది.

తెలుగులో ధ్వని బలం జంటపదాల్లో, చప్పుడు మాటల్లో ఉంది: వెలవెల, కళకళ, బిక్కుబిక్కు, చిటపట, మిణుకుమిణుకు, కీచుమని, ఝల్లుమని. మూడ్ అంతా ఆ మాటలోనే మూటకట్టి ఉంటుంది. అందుకే పేరాకి ఒకటి దాటితే పిల్లల కథ అయిపోతుంది. "గాలి రివ్వుమంది, తలుపు కిర్రుమంది, గుండె ఝల్లుమంది" అని వరసపెట్టి రాస్తే ఎవరికీ భయం వెయ్యదు, చేత్తో తాళం వెయ్యబుద్ధవుతుంది.

ఎల్గందుల కలం (10:05)
"వర్షం కురుస్తోంది" అనేది మీ పేరాల అన్నిటికన్న పెద్ద తప్పు, ఎవ్వలు పట్టలే. కురవడం మంచి మాట. ఏమేం కురుస్తయో చూడుండ్రి: వెన్నెల కురుస్తది, కాసులు కురుస్తయి, ప్రేమ కురిపిస్తరు. ఆ చుట్టాలందర్నీ తీసుకొనే వస్తది ఆ క్రియ. భయం ఎట్లొస్తది?

మా దిక్కు "ముసురు వట్టింది" అంటం, పుస్తకంల రాస్తే "ముసురు పట్టింది". ఇగ ఈ "పట్టు" చుట్టాలను చూడుండ్రి. చెద పట్టింది, తుప్పు పట్టింది, బూజు పట్టింది, జరం పట్టింది, దయ్యం పట్టింది. ముసురు అన్నా గంతే, మబ్బులూ ముసురుతయి, ఈగలూ ముసురుతయి. రెండు మాటలు, ఒక్క విశేషణం లేదు, ఇంట్లకి కీడు వచ్చేసింది.

తుంపర, జల్లు, జడి, కుండపోత దేని పని దానిదే. జల్లు పడితే పిల్లలు బయటికి ఉరుకుతరు. కుండపోతల హడావుడి ఉంటది, భయం ఉన్నా అది వరద భయం. ముసురుల ఎవ్వలూ ఉరకరు. ఇంట్ల కూసుంటరు, బట్టలు ఆరవు, పొద్దు ఎప్పుడు గూకిందో తెల్వది. తాళం ఇంటికి గదే వాన.

తాళంచెవి (10:11)
ఎల్గందుల కలం అన్నా, ఇది తీసేసుకుంటున్నా. ముసురు మూడోరోజు అని పెడతాను.

విసనకర్ర (10:24)
వెన్నెల పోలిక గురించి. ఉపమకి నాలుగు అంగాలని బళ్ళో అందరం చదివిందే: ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. మీ వాక్యంలో వెన్నెల ఉపమేయం, పిండి ఉపమానం, తెల్లదనం సమానధర్మం, "అట్టు" వాచకం. ఆ తెల్లదనం రాయకపోయినా అందుతోంది, బాగానే ఉంది. చెడింది ఎక్కడంటే పిండి దగ్గర. పిండి ఆరబోసిన ఇంట్లో పండగో పెళ్ళో ఉంటుంది, అరిసెలు వండబోతున్నారు, ఆడవాళ్ళు గట్టిగా మాట్లాడుకుంటున్నారు. తెల్లదనం ఒక్కటే తీసుకుందాం అనుకున్నారు. దాని వెనకే వంటిల్లంతా వచ్చేసింది.

తెల్లదనాన్ని అలాగే ఉంచి ఉపమానాన్ని ఒక్కదాన్నే మార్చి చూడండి. వెన్నెల పాలలా పడింది: చల్లదనం, పసితనం. పత్తిలా: నెమ్మది, చప్పుడు లేకపోవడం. విభూతిలా: వైరాగ్యం. సున్నం కొట్టినట్టు: ఎవరో పనిగట్టుకుని తెల్లగా చేశారన్న అనుమానం. కప్పిన తెల్లగుడ్డలా: శవం మాట ఎత్తకుండానే శవం. ఐదింటిలోనూ సమానధర్మం మారలేదు, ఊరు మారిపోయింది.

ఉపమావాచకాన్నీ తేలిగ్గా తీసుకోవద్దు. "లా", "లాగా" ఇవాళ్టివి. "వలె" రాస్తే పాఠ్యపుస్తకం. "చందాన" రాస్తే కథ చెప్పే పెద్దాయన గొంతు వినిపిస్తుంది, అది మీకు కావాలా వద్దా అని చూసుకోండి.

మిరపచేను (10:30)
ఎవురూ రైలింజన్ మాట ఎత్తలేదే. అంత నిశ్శబ్దంలో రైలింజన్ పెట్టినారు. అయినా ఇప్పటి కరెంటింజన్ గుండె మాదిరి కొట్టుకోదు సామీ. అది పొగబండి రోజుల పోలిక. పోలిక పాతబడింది, ఇంజన్ షెడ్డుకి పోయింది.

ప్రూఫుగది (10:38)
😀 "సమాధి లాంటి" కూడా షెడ్డుకే పంపండి. తెలుగులో సమాధి అంటే రెండు: గోరీ ఒకటి, యోగి కళ్ళు మూసుకుని కూర్చునే స్థితి ఒకటి. చదివేవాడు అర క్షణం రెండోదాని వైపు తూగితే చాలు, మీ ఇంట్లో ప్రశాంతత నెలకొంటుంది. "శ్మశాన నిశ్శబ్దం" అని మారుద్దామనుకునేరు, అది బంద్ రోజు వార్తల్లో అరిగిపోయింది.

వ్యాకరణం మేస్త్రి (11:02)
నామవాచకాలు, ఉపమానాలు అయ్యాయి. నాకు కనిపించే అసలు పని క్రియలో ఉంది.

"సుబ్బయ్య తలుపు తెరిచాడు": చేసినవాడు ఉన్నాడు, అధికారం అతనిదే. "తలుపు తెరుచుకుంది": చేసినవాడు లేడు. మన "కొను" చేరిన రూపం భయానికి భలే పనికొస్తుంది. వ్యాకరణం ప్రకారం మామూలు వాక్యమే, ఎవరూ దయ్యం అనలేదు. "తలుపు తెరవబడింది" అని మాత్రం రాయకండి. "బడు" చేరగానే అక్కడ సర్కారు పంచనామా మొదలవుతుంది.

తోక క్రియలు కూడా చూడండి. పడింది, పడిపోయింది, పడేసింది. "పోయింది" చేరితే చెయ్యి దాటిపోయిందన్న నిస్సహాయత, "వేసింది" చేరితే తెగింపో విసురో. మీ పేరాలో "కమ్మేసింది" అన్నారు. దాంట్లో దూకుడు ఉంది. మెల్లగా చుట్టుముట్టే భయానికి దూకుడు పనికిరాదు.

సర్వనామం సంగతి మరీ ముఖ్యం. అతను, వాడు, ఆయన, ఈయన, వారు. సుబ్బయ్యని "అతను" అంటే కథకుడు వీధి అవతల నిలబడి చూస్తున్నట్టు. "వాడు" అంటే భుజం మీద చెయ్యి వేసినట్టు, లేదా లోకువ. "ఆయన" అంటే సుబ్బయ్యకి ఏమీ కాదులే అన్న ధీమా వస్తుంది. పెద్దమనిషిని దయ్యం పట్టుకోవడం మన కథల్లో తక్కువ. అసలు తెలుగులో కర్త లేకుండానే వాక్యం నడుస్తుంది కదా. ఒకసారి పేరు చెప్పి, తరవాత సర్వనామాలన్నీ తీసేయండి. అప్పుడు లోపలికి అడుగుపెట్టింది సుబ్బయ్యా, చదివేవాడా అన్నది తేలదు.

ఆఖరుది "ట". "ఆ ఇంట్లో ఎవరో ఉన్నారు", "ఆ ఇంట్లో ఎవరో ఉన్నారట". ఒక్క అక్షరంతో ఊరంతా వచ్చి అరుగు మీద కూర్చుంది. ఈ పేరాలో వద్దు, గుంపు భయాన్ని సగం తగ్గిస్తుంది. రెండు పేజీల ముందు, టీ కొట్టు దగ్గర, ఒక్కసారి వాడండి.

అలంకారప్రియ (11:15)
ధ్వని విషయంలో ఓడిపోయాను, ఒప్పుకుంటాను. అలంకారం విషయంలో మాత్రం వదలను. భయానికి ఉపమ కన్నా ఉత్ప్రేక్ష మేలు. ఉపమలో రెండు వస్తువులూ వేరని తెలుస్తూనే ఉంటుంది. రూపకంలో తేల్చేశారు, రెండూ ఒకటే. ఉత్ప్రేక్ష ఒట్టి సంభావన, "అవునేమో" అన్న ఊహ దగ్గర ఆగుతుంది. భయం ఉండేది సరిగ్గా అక్కడే. "కిటికీ కన్నులా ఉంది" అంటే బొమ్మ. "కిటికీ ఓ కన్ను" అంటే తీర్పు. "కిటికీ తననే చూస్తోందేమో" అన్నప్పుడు కాళ్ళు ఆగుతాయి.

కోపానికి, పొగడ్తకి, తిట్టుకి రూపకమూ అతిశయోక్తీ బావుంటాయి. అక్కడ అనుమానం పనికిరాదు. తిట్టేవాడు "నువ్వు గాడిదవేమో అనిపిస్తోంది" అంటే ఎవడు లెక్కచేస్తాడు?

మిరపచేను (11:19)
పేరాకి ఒకే పోలిక అని చాలామంది చెప్తారు. తిట్టుకి ఆ రూలు లేదు. ఒకే ఉపమేయానికి ఉపమానాలు దండ గుచ్చితే మాలోపమ అంటారు గదా, కొళాయి కాడ బిందెల కొట్లాటలో వినండి, ఊపిరి తీసుకోకుండా ఏడు వస్తాయి. హాస్యానికి, సంబరానికి కూడా గుట్టపోయొచ్చు. భయానికీ దుఃఖానికీ గుట్ట పనికిరాదు.

పందిరిగుంజ (11:40)
దుఃఖం మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. అప్పగింతలైన మర్నాడు ఇల్లు. "ఇల్లు బావురుమంటోంది" అని రాశాను. తల్లి "రోదించింది". చప్పగా ఉంది. ఎందుకని?

కంచుగంట (11:58)
"ఇల్లు బావురుమంటోంది"లో ఒకప్పుడు ఇల్లు నిజంగానే ఏడ్చింది. ఇప్పుడు అది నుడికారం, "ఖాళీగా ఉంది" అనే అర్థంతో ఆగిపోతుంది. సంభాషణలో పక్కింటావిడ అంటే బావుంటుంది, కథకుడు అంటే ఆనదు.

"రోదించింది" వార్తల మాట, ప్రమాదాల దగ్గర బంధువులకి కేటాయించారు. మన దగ్గర ఏడుపుకి ఎన్ని మాటలో, ఏదీ ఇంకోదానికి బదులు రాదు. ఘొల్లుమనడానికి కనీసం నలుగురు కావాలి. గుక్కపట్టేది పసిపిల్లలు. భోరుమంటే వార్త అప్పుడే చెవిన పడింది. వెక్కిళ్ళంటే ఏడుపు అయిపోవస్తోంది. కుమిలిపోవడంలో చప్పుడు లేదు, రోజులు ఉన్నాయి. ముక్కు చీదిందంటే కాస్త నవ్వు కూడా కలిసింది. పెళ్ళి మర్నాటి తల్లికి వీటిలో ఏదీ సరిగ్గా కుదరదు, ఎందుకంటే ఆవిడకి జరిగింది శుభం. ఏడుపు క్రియ తీసేయండి.

ఇక్కడ స్వభావోక్తి చాలు, ఉన్నది ఉన్నట్టు: "వాకిట్లో పందిరి గుంజలు పీకిన గుంటలు పదహారు. రాత్రి వానకి నీళ్ళు నిలిచాయి. ఆవిడ వాటిని తప్పించుకుంటూ ముగ్గు వేసింది." ఇందులో పోలిక లేదు. ముగ్గు అనేది రోజువారీ పని, గుంటలు నిన్నటివి, ఆవిడ రెండిటి మధ్యా వంగి ఉంది. పదహారు అన్న అంకె కూడా ఊరికే పెట్టలేదు. "కొన్ని గుంటలు" అంటే ఎవరూ చూడలేదని అర్థం. లెక్క తెలిసిందంటే ఎవరో చాలాసేపు చూశారని.

పందిరిగుంజ (మర్నాడు ఉదయం 6:15)
కంచుగంట గారూ, "తప్పించుకుంటూ" అన్న మాట దగ్గర ఆగిపోయాను. దణ్ణం.

తాళంచెవి (ఉదయం 7:05)
రాత్రి మీరు చెప్పినవన్నీ పెట్టి తిరగరాశాను. చెయ్యి పెట్టండి.

"పది దాటింది. ముసురు పట్టి మూడోరోజు. ఎనిమిది నెలల కిందట వేసిన తాళం. సుబ్బయ్య చెవి తిప్పాడు. నెట్టకముందే తలుపు తెరుచుకుంది. వాన చప్పుడు గడప దగ్గరే ఆగిపోయింది. నడవలో చీకటి, చీకట్లో దండెం. దండెం మీద ఎవరో ఇప్పుడే పిండి ఆరేసినట్టు తువ్వాలు. చెయ్యి వేస్తే తడి."

విసనకర్ర (7:30)
బాగా వచ్చింది. ఒకే ఒక్క చిక్కు. "ఎవరో ఇప్పుడే పిండి ఆరేసినట్టు" అనగానే పాఠకుడికి జవాబు ముందే చెప్పేశారు. తడి తరవాత తగిలినా ఉపయోగం లేదు. తువ్వాలు మామూలుగా ఉండనీయండి, చెయ్యి దానంతటది వెళ్ళాలి.

అలంకారప్రియ (7:41)
ఆ "అట్టు" తీసేస్తే పేరాలో ఉన్న ఒక్క ఉత్ప్రేక్షా పోతుందండీ!

వ్యాకరణం మేస్త్రి (7:52)
పోనివ్వండి, సంభావన పాఠకుడి బుర్రలోకి వెళ్ళింది, కాగితం మీద లేకపోయినా నష్టం లేదు. ఇంకోటి, "చెయ్యి వేస్తే తడి" లో షరతు ఉంది, వేశాడో లేదో తేలలేదు. ఒక అడుగు ముందుకి: "మొహం తుడుచుకుందామని లాగాడు. తడిగా ఉంది." వానలో వచ్చినవాడు తువ్వాలు అందుకోవడం ఎవరైనా చేసే పనే కదా. ఆ అలవాటే అతన్ని పట్టిస్తుంది.

"వాన చప్పుడు గడప దగ్గరే ఆగిపోయింది" మాత్రం ముట్టుకోకండి. అక్కడ "పోయింది" చేరడం వల్లే చెవులు మూసుకుపోయినట్టుంది.

ఎల్గందుల కలం (8:03)
నడవ, దండెం, తువ్వాలు అని కోస్తా మాటలు ఒక్క తీరుగ ఉన్నయి, మధ్యల మా మాట ఇరికియ్యకుండ్రి. మా దిక్కు రాస్తే తువ్వాల అంటం, భయాన్ని బుగులు అంటం. ఆ ఇల్లు ఏ జిల్లాల ఉన్నదో ఆ జిల్లా మాటలే ఆఖరు దాకా.

తాళంచెవి (8:20)
సరి చేసింది ఇదిగో. అచ్చుకి ఇదే పంపుతున్నా.

"పది దాటింది. ముసురు పట్టి మూడోరోజు. ఎనిమిది నెలల కిందట వేసిన తాళం. సుబ్బయ్య చెవి తిప్పాడు. నెట్టకముందే తలుపు తెరుచుకుంది. వాన చప్పుడు గడప దగ్గరే ఆగిపోయింది. నడవలో చీకటి. చేతికి దండెం తగిలింది, దాని మీద తువ్వాలు. మొహం తుడుచుకుందామని లాగాడు. తడిగా ఉంది."

మిరపచేను (8:26)
పిండి ఆరబోసిన వెన్నెలతో మొదలుపెట్టి, పిండి ఆరేసిన తువ్వాలు కాడికి వచ్చి, ఆఖరికి రెండు పిండీలూ తీసేసినారు. నడవలో అంత చీకటైతే "దాని మీద తువ్వాలు" అని ఎట్ల తెలిసిందబ్బా? "దాని మీద బట్ట" అనండి. తువ్వాలో కాదో లాగినాక తెలుస్తాది.

తాళంచెవి (8:29)
మార్చాను. బట్ట.